హైదరాబాద్ నుంచి లగ్జరీ క్రూయిజ్: బుకింగ్ మొదలు ఓడ దిగేదాకా ఏది ముందు, ఏది తర్వాత

మూడు క్రూయిజ్‌లు వెళ్లొచ్చాను. ఒకటి చెన్నై నుంచి, ఒకటి సింగపూర్ నుంచి, ఒకటి బార్సిలోనా నుంచి. అప్పటి నుంచి మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో నా పేరు "ఓడ ఆంటీ". లిఫ్టులో కనిపించినా, కూరగాయల బండి దగ్గర కనిపించినా అవే ప్రశ్నలు: వీసా ఎన్ని కావాలి, అన్నం దొరుకుతుందా, వాంతులు అవుతాయా. ప్రతిసారీ చెప్పలేక వరుసగా రాసేస్తున్నాను.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి. మామూలు టూరులో ఏదైనా మర్చిపోతే ఊళ్లో కొనుక్కుంటాం, హోటల్ నచ్చకపోతే మారతాం. ఓడ కదిలాక ఆ వీలు లేదు. ఉన్నా డాలర్లలో ఉంటుంది. అందుకే ఇక్కడ సగానికి పైగా ఓడ ఎక్కకముందు చేయాల్సిన పనులే రాశాను.

1. ఏ తరహా ఓడో ముందు తేల్చుకోండి

లగ్జరీ అనే మాట ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ ఉంటోంది, దాన్ని నమ్ముకోకండి. నేను ఓడల్ని మూడు రకాలుగా చూస్తాను.

- పెద్ద ఓడలు: రాయల్ కరీబియన్, ఎమ్మెస్సీ, కోస్టా లాంటివి. వేలమంది ప్రయాణికులు, జారుడుబండలు, షోలు. టికెట్ తక్కువే, పై ఖర్చులు ఎక్కువ.
- పెద్ద ఓడలోనే విడిగా ఉండే సూట్ల (విశాలమైన ఖరీదైన గదుల) భాగం: ఎమ్మెస్సీలో యాట్ క్లబ్, నార్వేజియన్‌లో ది హేవెన్. వీళ్లకి లాంజ్, పూల్, రెస్టారెంట్ వేరుగా ఉంటాయి.
- అసలైన లగ్జరీ ఓడలు: సిల్వర్‌సీ, రీజెంట్ సెవెన్ సీస్, సీబర్న్. కొన్ని వందల మందే ఉంటారు. అన్నీ సూట్లే. డ్రింకులు, టిప్పులు టికెట్‌లోనే కలిసి ఉంటాయి.

పిల్లలూ, అమ్మానాన్నలూ కలిసి వెళ్తుంటే రెండో రకం తీసుకోండి. మూడో రకం ఓడలో పిల్లలకి తోచదు. రాత్రి పదింటికల్లా కారిడార్లన్నీ గుళ్లో పవళింపు సేవ అయ్యాక ఉన్నంత నిశ్శబ్దం. భార్యాభర్తలిద్దరే వెళ్తే మాత్రం ఆ నిశ్శబ్దానికే డబ్బు పెట్టొచ్చు. వైకింగ్ సముద్ర ఓడల్లో 18 ఏళ్ల లోపు వాళ్లని ఎక్కించుకోరు. పిల్లలతో బుక్ చేయబోయి ఆఖర్లో తెలుసుకున్నవాళ్లున్నారు.

2. రేవు, నెల

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉన్న రేవు అయితే మొదటిసారికి తేలిక. సింగపూర్, దుబాయ్ ఆ లెక్కలోకి వస్తాయి. దేశం లోపల ముంబై, చెన్నై ఉన్నాయి. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది గానీ అక్కడి నుంచి ఏడాది పొడవునా ఓడలు ఉండవు. తేదీలు చూసుకున్నాకే ఆశపడండి.

దుబాయ్ నుంచి గల్ఫ్ క్రూయిజ్ అయితే నవంబర్ నుంచి మార్చి. మధ్యధరా సముద్రానికి మే గానీ, సెప్టెంబర్ చివర గానీ. జులై, ఆగస్టుల్లో అక్కడ ఎండా ఎక్కువే, జనమూ ఎక్కువే. అలాస్కా అయితే మే నుంచి సెప్టెంబర్. మన అరేబియా సముద్రం జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉగ్రంగా ఉంటుంది, మొదటి ప్రయాణానికి ఆ నెలలు వద్దు.

3. పాస్‌పోర్ట్, వీసా: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

ముందు పేరు సంగతి. మన ఇంటిపేర్లతో వచ్చే చిక్కు ఇంతా అంతా కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లు మన పెద్దవాళ్లలో చాలామంది. ఆధార్‌లో ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఏజెంటు బుక్ చేసింది ఇంకో రకంగా. క్రూయిజ్, విమానం, వీసా, ఇన్సూరెన్స్ నాలుగింటిలోనూ పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఉండాలి. పాస్‌పోర్టులో ఒక్క పదమే పేరుగా ఉంటే దుబాయ్ విజిట్ వీసాతో రానివ్వరు. 2022 చివర నుంచి ఆ నిబంధన ఉంది. అలాంటివాళ్లు బుకింగ్ కంటే ముందు పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లాలి.

తర్వాత వీసా. ఎన్ని దేశాలు అని లెక్కపెట్టకండి, ఎన్నిసార్లు లోపలికి వస్తున్నారో లెక్కపెట్టండి.

సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగితే సింగపూర్‌లోకి మీరు రెండుసార్లు వస్తున్నట్టు. ఏథెన్స్ దగ్గర పిరేయస్‌లో ఎక్కి, టర్కీలో కుషాదాసి చూసి, మళ్లీ గ్రీస్ దీవికి వస్తే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) నుంచి బయటికి వెళ్లి తిరిగి వచ్చినట్టు. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే రేవులో చెక్-ఇన్ దగ్గరే ఆపేస్తారు. డబ్బు వెనక్కి రాదు. మా తోడికోడలి వాళ్ల పక్కింటివాళ్లకి సరిగ్గా ఇదే జరిగింది. రెండు సూట్‌కేసులతో రేవు బయట నిలబడి ఫోన్ చేశారు పాపం.

"ఆ ఊళ్లో మేం దిగం, ఓడలోనే ఉంటాం" అన్నా కుదరకపోవచ్చు. దిగినా దిగకపోయినా వీసా ఉండాలనే రేవులున్నాయి. క్రూయిజ్ కంపెనీనే రాతపూర్వకంగా అడగండి, ఏజెంటు నోటిమాట చాలదు.

షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. వేసవిలో మన ఊళ్లో స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి మూడు నెలల ముందే కదలండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి పెట్టాలి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. క్రూయిజ్ కన్ఫర్మేషన్‌లో రేవుల జాబితా తేదీలతో సహా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. సౌతాంప్టన్‌లో ఎక్కే ఓడ అయితే బ్రిటన్ వీసా దీనికి అదనం.

సరిచూసుకోండి:
- పాస్‌పోర్ట్ గడువు ప్రయాణం ముగిశాక కూడా ఆరు నెలలు ఉందా
- నాలుగు బుకింగుల్లో పేరు ఒకేలా ఉందా
- వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందా
- సింగపూర్ అయితే, చేరే ముందు మూడు రోజుల్లో నింపాల్సిన అరైవల్ కార్డ్ నింపారా. ఇది ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు
- ఇన్సూరెన్స్‌లో ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందా
- గర్భిణులైతే: 24వ వారం వచ్చాక చాలా కంపెనీలు ఎక్కించుకోవు. పసిపిల్లలకు కనీసం ఆరు నెలలు నిండాలి

4. గది: డెక్ ప్లాన్ చూడకుండా డబ్బు కట్టొద్దు

గది నంబరు చెప్పాక కంపెనీ వెబ్‌సైట్లో డెక్ ప్లాన్, అంటే ఓడలో ఏ అంతస్తులో ఏముందో చూపే పటం, తెరవండి. మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైనా గదులే, కిందా గదులే ఉంటే మంచిది. పైన పూల్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడుతో లేస్తారు. కింద థియేటర్ ఉంటే అర్ధరాత్రి దాకా డ్రమ్ములు.

ఊగుడు తక్కువ ఉండేది ఓడ పొడవులో మధ్య, కింది డెక్కుల్లో. పై అంతస్తులో ముందు వైపు ఉన్న ఖరీదైన సూట్ ఫొటోల్లో బాగుంటుంది, అల మీద బాగుండదు. తల తిరిగే అలవాటు ఉన్నవాళ్లు ఆ డబ్బుతో మధ్యలో బాల్కనీ గది తీసుకోండి.

నలుగురు పట్టే గది అంటే మన లెక్కలో నాలుగు మంచాలు అనుకుంటాం. మూడోదీ నాలుగోదీ చాలాసార్లు పైకప్పు నుంచి దించే బంకులు, నిచ్చెన ఎక్కాలి. అత్తగారిని నిచ్చెన ఎక్కించలేం కదా. రెండు పక్కపక్క గదులు తీసుకోండి. పెద్దవాళ్లకి లిఫ్టుకి దగ్గరగా, కానీ ఎదురుగా కాకుండా.

గ్యారంటీ క్యాబిన్ అంటే తరగతి మాత్రమే ఖాయం, గది కంపెనీ ఇష్టం. అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ అని ఉంటే మీ కిటికీకి అడ్డంగా లైఫ్‌బోటు వేలాడుతుంటుంది.

ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఒక మాట: ధరలన్నీ గదికి ఇద్దరి లెక్కన వేస్తారు. ఒక్కరే ఉంటే రెండో మనిషి డబ్బు కూడా దాదాపు మొత్తం కట్టాల్సి రావచ్చు.

5. టికెట్‌లో ఏముంది, ఏం లేదు

పెద్ద ఓడల్లో టికెట్ ధరకి గది, ప్రధాన రెస్టారెంట్, బఫే, షోలు వస్తాయి. రానివి: కూల్‌డ్రింకులు, మద్యం, వైఫై, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, రేవుల్లో టూర్లు. టిప్పు మనిషికి రోజుకి ఇంత అని ఖాతాలో వాళ్లే వేసేస్తారు. నలుగురి కుటుంబం ఏడు రాత్రులు వెళ్తే 28 టిప్పులు. గుణించి చూసుకున్నాకే టికెట్ చవకా కాదా అనేది తెలుస్తుంది.

వైఫై, డ్రింకుల ప్యాకేజీలు ఎక్కకముందు వెబ్‌సైట్లో కొంటే తక్కువకి వస్తాయి. కానీ ఇంట్లో ఎవరూ మద్యం ముట్టరంటే డ్రింకుల ప్యాకేజీ జోలికే పోకండి. మామూలు నీళ్లు, టీ, కాఫీ సాధారణంగా బఫేలో ఉచితంగానే దొరుకుతాయి.

ఓడలో నోట్లు చెల్లవు. గది కార్డే పర్సు. దానికి క్రెడిట్ కార్డు జతచేయండి. డెబిట్ కార్డు ఇస్తే రోజూ కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, అది విడుదలయ్యేసరికి ఇంటికొచ్చి వారం దాటుతుంది. పిల్లల కార్డులకి ఖర్చు పరిమితి పెట్టమని మొదటి రోజే రిసెప్షన్‌లో చెప్పండి. గేముల గదిలో కార్డు గీకడం ఎంత తేలికో మా చిన్నాడు నాకు నేర్పాడు.

ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. పాన్ నంబరు సరిగా ఇవ్వండి, ఆదాయపు పన్ను వెబ్‌సైట్లో మీ పేరు మీద పడిందో లేదో చూసుకోండి.

6. పెట్టె సర్దడం

మా అత్తయ్య చిన్న రైస్ కుక్కర్ చీరల మధ్య చుట్టి పెట్టారు, మాకు చెప్పలేదు. ఓడ ఎక్కాక మా పెట్టె మాత్రం గదికి రాలేదు. సెక్యూరిటీ వాళ్లు పిలిచి, ఆవిడ ముందే కుక్కర్ తీసి చీటీ రాసిచ్చారు. దిగే రోజు తిరిగిచ్చారు లెండి, కానీ ఆ వారమంతా ఆవిడ ఆ చీటీ బొట్టుపెట్టెలో దాచుకుని తిరిగారు.

ఇలా వేడెక్కే వస్తువులు పనికిరావు: కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె. కొవ్వొత్తులు, అగరబత్తులు, దీపాలు కూడా అంతే. ఇది నిప్పు భయం, వాళ్లతో వాదించి లాభం లేదు. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హెచ్చుతగ్గుల్ని ఆపే భాగం) ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులూ తీసేసుకుంటారు.

తిండి పదార్థాల్లో ఒకటి జాగ్రత్త: గసగసాలు. దుబాయ్‌లోనూ సింగపూర్‌లోనూ అవి నిషేధం. మసాలా పొడిలో కలిపి ఉన్నా వదిలేసి వెళ్లండి. యూరప్‌కి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. కాబట్టి చికెన్ పచ్చడీ, నేతి మిఠాయిలూ ఇంట్లోనే. కంది పొడి, కరివేపాకు పొడి లాంటివి స్వగృహ షాపులో సీలు వేయించి పెట్టుకుంటే ఇబ్బంది తక్కువ. ఇంట్లో వండినవి, విడిగా కట్టినవి ఓడలోకి రానివ్వరు. తెచ్చినవి రేవుల్లో బయటికి తీసుకెళ్లొద్దు.

మందులు అసలు స్ట్రిప్పుల్లో, డాక్టర్ చీటీతో. ట్రమడాల్, కోడీన్, ఆల్ప్రజోలం లాంటివి దుబాయ్‌లో నియంత్రిత మందులు, ముందుగా అనుమతి కావాలి.

బట్టల్లో, ఫార్మల్ నైట్ (అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రి) అంటే కోటూ సూటే కొనక్కర్లేదు. గద్వాల్ చీర, షేర్వాణీ నిక్షేపంగా పనికొస్తాయి. ఫొటో తీసుకుంటామని అడిగిన తెల్లవాళ్లకి మా అమ్మాయి పోచంపల్లి ఎక్కడుందో మ్యాప్‌లో చూపించింది. పూల్‌లోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ ఈతబట్టలు తెచ్చుకోండి.

చిన్న చిట్కా: ఓడ గదుల గోడలు చాలావరకు లోహమే. బేగంబజార్‌లో దొరికే అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలు, తడి తువ్వాళ్లు తగిలించుకోవచ్చు.

7. ఒక రోజు ముందే చేరుకోండి

ఎక్కే రోజే హైదరాబాద్‌లో విమానం ఎక్కి, అదే మధ్యాహ్నం ఓడ అందుకుందామనే లెక్క వేయకండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందురోజు రాత్రి హోటల్ ఖర్చు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు. పెట్టె రాకపోయినా ఒక రోజు చేతిలో ఉంటుంది.

8. ఎక్కే రోజు, గంట గంటకీ

- ముందు రోజుల్లోనే ఆన్‌లైన్ చెక్-ఇన్ చేసి, ఫొటోలు ఎక్కించి, రేవుకి రావాల్సిన టైమ్ స్లాట్ తీసుకోండి.
- పెద్ద పెట్టెలకి గది నంబరున్న ట్యాగులు కట్టి రేవులో కూలీకి ఇవ్వండి. అవి సాయంత్రానికి గాని గదికి రావు.
- చేతి సంచిలో పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు, ఈతబట్టలు, ఛార్జర్.
- పాస్‌పోర్టులు కొన్ని ఓడల్లో వాళ్లే తీసుకుని చివర్లో ఇస్తారు. జిరాక్సులు, ఫోన్‌లో ఫొటోలు మీ దగ్గర ఉంచుకోండి.
- ఎక్కగానే అందరూ బఫేకి పరుగెడతారు. మీరు ముందు రెస్టారెంట్, షోల బుకింగులు చేసుకోండి.
- ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రమే ఆన్ చేయండి. నడిసముద్రంలో ఓడ సొంత సెల్ నెట్‌వర్క్‌కి ఫోన్ తగులుకుంటే రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది.

భద్రతా డ్రిల్‌కి అందరూ వెళ్లాల్సిందే, నిద్రొస్తోందని ఎగ్గొడితే పేరు పెట్టి మైకులో పిలుస్తారు. 2012లో కోస్టా కాంకోర్డియా అనే ఓడ మునిగినప్పుడు కొత్తగా ఎక్కినవాళ్లకి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాతే ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఇది జరిపి తీరాలని నిబంధన వచ్చింది. మీ మస్టర్ స్టేషన్ (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటు) అక్షరం పెద్దవాళ్లకి కూడా గుర్తుండేలా చెప్పండి.

9. అన్నం దొరుకుతుందా?

దొరుకుతుంది, అడిగితే.

బుకింగ్ అప్పుడే శాకాహారం, జైన భోజనం లాంటివి రాయించండి. ఎక్కిన మొదటి సాయంత్రం ప్రధాన రెస్టారెంట్‌లో హెడ్ వెయిటర్‌ని కలిసి, రేపు రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర కావాలని చెప్పండి. ఒక రోజు ముందు చెప్పడమే కిటుకు. వంటశాలల్లో మనవాళ్లు, ముఖ్యంగా గోవావాళ్లు, చాలామంది ఉంటారు. మెనూలో లేనిది కూడా వండి పెడతారు. అదే అప్పటికప్పుడు అడిగితే ఉడికించిన కూరగాయలే వస్తాయి.

వచ్చేది ఉత్తరాది దాల్ అని గుర్తుంచుకోండి. ముద్దపప్పు, ఆవకాయ స్థాయిలో ఊహించుకుంటే నిరాశే. కంది పొడి అక్కడ అక్కరకొస్తుంది. "వెజ్" అన్న సూపులో చికెన్ స్టాక్ ఉండొచ్చు, చేప శాకాహారమేననుకునే వెయిటర్లూ తగులుతారు. గుడ్డు, చేప, మాంసం వద్దని మూడూ విడివిడిగా చెప్పండి.

10. తల తిప్పుడు, కడుపు

వాంతి మందు వాంతులు మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఓడ ఊగుతుందని తెలిసినప్పుడు ముందే వేసుకోవాలి. ఏ మందు, ఎంత అన్నది మీ డాక్టర్‌ని అడగండి, బీపీ, గ్లకోమా, ప్రోస్టేట్ ఉన్న పెద్దవాళ్ల విషయంలో తప్పనిసరిగా.

తల తిరుగుతుంటే గదిలో ఫోన్ చూస్తూ పడుకోకండి. మధ్య భాగంలో బయటి డెక్కు మీదికి వెళ్లి దూరంగా సముద్రం ఆకాశం కలిసే గీతని చూడండి. ఖాళీ కడుపు పనికిరాదు. బిస్కెట్లు, అల్లం, పచ్చి యాపిల్ పనిచేస్తాయి. మావారు మొదటి రాత్రి అల్లం మురబ్బా నములుతూ గడిపి, మూడో రోజుకి మామూలు మనిషయ్యారు.

ఓడల్లో వచ్చే విరేచనాల వైరస్ నోరోవైరస్. దీని మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. భోజనానికి ముందు సబ్బుతోనే చేతులు కడగాలి. ఓడ డాక్టర్ ఉంటారు గానీ ఫీజు డాలర్లలో, ముందు మీరు కట్టి తర్వాత ఇన్సూరెన్స్‌లో అడుక్కోవాలి. రసీదులన్నీ దాచండి.

11. రేవుల్లో దిగినప్పుడు

బ్రోషర్లో "రోమ్" అని ఉంటుంది. ఓడ ఆగేది చివిటావెక్కియాలో. రోమ్ అక్కడికి 70 కిలోమీటర్ల పైనే. విజయవాడ చూపిస్తామని మచిలీపట్నంలో దింపినట్టన్నమాట. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, పారిస్ అంటే లె హావ్ర్, బ్యాంకాక్ అంటే చాలావరకు లేమ్ చబాంగ్. రేవు పేరు మ్యాప్‌లో పెట్టి, ఊరికి ఎంత దూరమో, రానూపోనూ ఎంత సేపో చూసి అప్పుడు టూర్ నిర్ణయించుకోండి.

దూరమైన ఊళ్లకి ఓడవాళ్ల టూరే మంచిది. ఖరీదెక్కువే, కానీ ఆ బస్సు ఆలస్యమైతే ఓడ మీ కోసం చూస్తుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్లే చేరుస్తారు. సొంతంగా టాక్సీలో వెళ్లి ఆలస్యమైతే మీ తిప్పలు మీవి. రేవు ఊళ్లోనే ఉంటే మాత్రం సొంతంగా తిరగండి. బార్సిలోనా, సింగపూర్‌లలో టూర్ కొనడం దండగ.

ఓడ గడియారం, ఊరి గడియారం వేరుగా ఉండొచ్చు. ఫోన్ తనంతట తనే ఊరి టైముకి మారిపోతుంది. ఓడ టైము చూపించే మామూలు చేతి గడియారం ఒకరు పెట్టుకోండి. బయల్దేరే వేళకి గంట ముందే గేటు దగ్గర ఉండండి.

శాంటొరినీ లాంటి చోట్ల ఓడ రేవుకి ఆనదు, చిన్న పడవల్లో తీసుకెళ్తారు. వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇది కష్టం. సముద్రం బాలేకపోతే ఆ మజిలీనే ఎత్తేస్తారు. అందుకే ఒక్క ఊరి కోసమని మొత్తం క్రూయిజ్ ఎంచుకోవద్దు.

12. దిగే ముందురోజు రాత్రి

పెట్టెలకి రంగు ట్యాగులు కట్టి రాత్రి గది బయట పెట్టమంటారు. ఇక్కడ అందరూ చేసే తప్పు, అన్నీ సర్దేసి బయట పెట్టేయడం. మా మరిది పొద్దున్నే చూసుకుంటే ఒంటి మీద నైట్ ప్యాంటు తప్ప ఇంకోటి లేదు. ఇమిగ్రేషన్ లైన్లో అలాగే నిలబడ్డాడు.

- రేపు వేసుకునే బట్టలు, చెప్పులు, పళ్ల బ్రష్, మందులు గదిలోనే ఉంచండి.
- ఖాతా బిల్లు రాత్రే యాప్‌లోనో, టీవీలోనో చూడండి. తప్పుంటే అప్పుడే రిసెప్షన్‌కి వెళ్లాలి, పొద్దున్న అక్కడ లైను తిరుపతి క్యూ.
- గదిలోని లాకర్ తెరిచి చేత్తో తడిమి చూడండి.
- పాస్‌పోర్టులు తిరిగి తీసుకున్నారా చూసుకోండి.
- ఇంటికి విమానం మధ్యాహ్నం తర్వాతదే పెట్టుకోండి. ఓడ పొద్దున ఆరింటికి రేవులో ఆగినా మనం బయటపడేసరికి తొమ్మిది దాటొచ్చు.

ఓడలో కొన్న మద్యం సీసాలు చివరి రాత్రే చేతికిస్తారు. వాటిని పెద్ద పెట్టెలో పెట్టాలి, చేతి సంచిలో ఉంటే విమానాశ్రయంలో తీసేస్తారు. కానీ పెట్టెలు అప్పటికే బయట పెట్టేసి ఉంటాం కాబట్టి, ఒక్క చిన్న పెట్టె గదిలో ఆపుకోండి. శంషాబాద్‌లో సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది పెద్దవాళ్లకి మనిషికి రెండు లీటర్లు.